తిల్లి కొరకు తాండూరు దండయాత్ర

అనంతగిరి కొండలు మంచుదుప్పటి ఇంకను తీయక పండుకొనియుండగా, మూసీనది తన పుట్టినింట పసిపాపవలె సన్నగా గొణుగుచుండగా, కాగ్నా ఒడ్డున కందిచేలు తలలూపుచు తమలో తాము గుసగుసలాడుచుండగా, తంగేడుపూలు కోయబోవు ఆడుబిడ్డల నవ్వులతో పొలిమేరలన్నియు తెల్లవారుచుండగా, భాద్రపద బహుళ అమావాస్య, జనులు ప్రేమతో పెత్రమాస యని పిలుచుకొను మహాపర్వదినము, వికారాబాదు మొదలు తాండూరు వరకు గల సకల గృహములయందును సకల మటన్ దుకాణములయందును ఏకకాలమున ఉదయించెను.

ఆ దినమున చనిపోయిన పెద్దలు తమ తమ ఇండ్లకు భోజనమునకు వత్తురు. వచ్చువారు పప్పుచారుతో తృప్తిపడి పోవు రకము కారు. బ్రతికియున్నప్పుడు దేనిని ఇష్టముగా తినిరో అదియే విస్తరిలో ఉండవలెను. కావుననే ఆ ఉదయమున తాండూరు మాంసపు దుకాణముల యెదుట నిలిచిన జనసముద్రమును చూచిన యెడల, బ్రతికినవారికంటె చచ్చినవారికే ఆకలి యెక్కువ యని ఎవ్వరైనను ఒప్పుకొందురు.

అట్టి పర్వదినమున ఒక యుద్ధము జరిగెను. అందు గుఱ్ఱములు లేవు, ఏనుగులు లేవు. ఒక పొట్టేలు మాత్రము కలదు; అదియును కొక్కెమునకు వ్రేలాడుచుండెను.

ఆ యుద్ధమునకు నాయకుడు బాల్‌రాజ్. ధారూరు స్టేషనుకు కూతవేటు దూరమున విత్తనముల దుకాణము నడుపువాడు. కందిగింజను పంటికింద వేసి అది నల్లరేగడిదో ఎఱ్ఱనేలదో చెప్పగల ధాన్యవిద్యాధురంధరుడు. కల్తీ విత్తనమును వాసనచేతనే పట్టి బస్తాతోసహా వెనుకకు పంపగల అరివీరభయంకరుడు. ఇట్టి మహానుభావునికి ఒక్క విద్య మాత్రము జీవితమున అబ్బలేదు. అది మంచి మటను కొనితెచ్చు విద్య.

కారణము అజ్ఞానము కాదు, కారుణ్యము. దుకాణదారుడు కత్తి పైకెత్తగానే బాల్‌రాజు కన్నులు తమంతట తామే పక్కనున్న చాయ దుకాణము వైపునకు పాఱిపోవును. ఆ రెప్పపాటు చాలును. పాత పగలు తీర్చుకొనుటకు పొంచియున్న శత్రుసైన్యమువలె మెడబొక్కలు, పొరలు, నరములు, ముదురు కండలు బిలబిల వచ్చి డబ్బాలో చొరబడును. పైగా ఆతడు, "అన్నా, జర మంచిది పెట్టు" అని బతిమాలుకొను అలవాటు కలవాడు. ఆ మాట వినిన యే దుకాణదారుడైనను వచ్చినవాడు ఏమియు తెలియనివాడని క్షణములో గ్రహించును.

ఈ పరాజయపరంపరకు ప్రత్యక్షసాక్షి ఆతని అత్తగారు బుగ్గమ్మ. ఆమె కుమారుడు యాదగిరి తాండూరున బండల పాలిషు కార్ఖానా పెట్టి, దానిపైననే మేడ కట్టుకొని నివసించుచుండెను. ఆ మేడ మెట్లు ఎక్కలేక, మోకాళ్ళు మొరాయించుటచే, ఆమె తన చివరి కాలమును ధారూరున కూతురింట, అల్లుని అరుగుమీద గడిపెను. ప్రతి ఐతారమును, అనగా ప్రతి ఆదివారమును, బాల్‌రాజ్ సంచితో గుమ్మము తొక్కుటయే తడవు, పండ్లు ఒక్కటియు లేని ఆమె నోరు వికసించెడిది.

"అల్లుడా, గిది పొట్టేలా, పొట్టేలు తాతనా?" అని అడిగెడిది. ఒకనాడు కంచములోని బొక్కను పైకెత్తి చూచి, ఇంత గట్టిది దొరికిన తరువాత తనకు చేతికఱ్ఱ యెందుకని విచారించెను. మఱియొకనాడు ఒక ముక్కను ఉదయమున బుగ్గన పెట్టుకొని సాయంకాలమునకు తీసి, ఏ మార్పును లేకుండ అప్పగించెను. ఇరుగుపొరుగువారు నవ్వెడివారు. బాల్‌రాజ్ కూడ నవ్వెడివాడు. అతనికి కోపము వచ్చిన దినము లేదు.

ఆమెకు నిజముగా తినగలిగినది ఒక్కటే: తిల్లి. అనగా గొఱ్ఱె కడుపున ఎడమవైపున నాలుకవలె నల్లగా, మెత్తగా ఉండు చిన్న అవయవము. తూకములో దానిని ఎవరును లెక్కపెట్టరు. అడిగినవారికి కొసరుగా ఇచ్చెదరు. నిప్పులమీద కాల్చి ఉప్పు చల్లి నోట వేసికొన్న యెడల పన్ను అవసరము లేదు, నాలుక చాలును. కాని పొట్టేలుకు తిల్లి ఒక్కటే. దానిని మొదట ఎవరు అడిగిన వారిదే. ఆ "మొదట" అనునది బాల్‌రాజు జాతకములో లేదు.

చివరి రోజులలో ఆమె మంచముపై పండుకొని, కూతురు కొడుకు అల్లుడు చుట్టును కూర్చుండియుండగా, భావిచరిత్రను నిర్ణయించు ప్రతిజ్ఞ యొకటి చేసెను.

"నేను సచ్చినంక, పెత్రమాసకు అమ్మ మా ఇంటికొస్తదంటే మా ఇంటికొస్తదని కొట్లాడకుండ్రి. ఎవలింట్ల తిల్లి ఉంటే ఆడ్కే వస్త. పండ్లు లేనిదాన్ని, నాకేం సిగ్గు?"

అని నవ్వి, కొన్నాళ్ళకు వెళ్ళిపోయెను. దశదినకర్మ నాడు వచ్చిన బంధువులందఱికిని, ఆ ప్రాంతపు మర్యాద చొప్పున, ఆమె పేరు చెక్కించిన స్టీలు డబ్బాలు పంచిపెట్టిరి. అన్నియు ఒకే అచ్చు, ఒకే మూత, మూతపై ఒకే పేరు: బుగ్గమ్మ. ఆ డబ్బాలు తరువాత ఎట్టి విప్లవమునకు కారణమగునో చెక్కినవానికి తెలియదు.

ఆమె పోయిన పిదప వచ్చిన మొదటి పెత్రమాస యిది. ఆమె పోయినప్పటినుండి బాల్‌రాజ్ తెచ్చిన కూరను గూర్చి ఎవరును ఒక్క మాటయు అనలేదు. భార్య మల్లీశ్వరి మౌనముగా వండెను, ఆతడు మౌనముగా నమలెను. ఆ మౌనమే ఆతనిని రణరంగమునకు తఱిమినది.

వేకువనే మల్లీశ్వరి ద్వారమున నిలిచి భర్తకు యుద్ధనీతిని ఉపదేశించెను. ఆ ఉపదేశసారమేమనగా: ఓ ప్రాణేశ్వరా, శత్రువు ఖడ్గము నెత్తిన తరుణమున నీ దృష్టి చలింపకుండు గాక, దీనవచనములు నీ నోట వెడలకుండు గాక, విజయము లేక నీవు మరలిరాకుందువు గాక. ఆమె నోట వెడలిన మాటలు మాత్రము ఇవి:

"కత్తి లేసినప్పుడు చాయ దుకాణం దిక్కు సూడకుండ్రి. పొట్టేలు దిక్కు సూడుండ్రి. బతిమాలకుండ్రి. తిల్లి దొర్కకుంటే ఫికర్ లేదు, ఇంటికి రాకుండ గదే బండ్ల ఇంకో ఊరికి పొండ్రి."

ఇట్లు దీవించి, బుగ్గమ్మ పేరుగల డబ్బా తెచ్చి, అందులో ఒక బొగ్గుముక్కయు ఒక ఎండుమిరపకాయయు వేసి మూత బిగించెను. పచ్చిమాంసము చేతబట్టుకొని దారిన వచ్చువారి వెంట గాలియో ధూళియో, తిరుగాడు చచ్చినవారో పడకుండుటకు ఆ ఇంటి ఆడవారు వేయు రక్ష అది. తల్లి కూతురికి నేర్పినది. కూతురు ఏనాడును మఱవలేదు.

ప్యాసింజరు రైలు అను మహారథము ధారూరున నిలిచెను. బోగీ నిండ తంగేడు, గునుగు పూల మూటలు. ఆ మూటలవెనుక ఆడువారు. ఆడువారి వెనుక చోటు లేదు. అయినను ఒక అవ్వ తన పూలమూటను ఒడిలోనికి లాగుకొని, కూర్చుండుమని బాల్‌రాజునకు కిటికీపక్కన జానెడు స్థలము చూపెను. యుద్ధమునకు పోవువానికి ఇట్టి చిన్న దయలే కవచములు. ఆతడు డబ్బాను ఒడిలో పెట్టుకొని, దారి పొడవునను, ఎదుటివారి గాజులను, కిటికీ చువ్వలను, పాఱిపోవు తుమ్మచెట్లను రెప్పవాల్పక చూచుట అభ్యసించెను. ఎదుట కూర్చున్న ఆమెకు అనుమానము వచ్చి కొంగు సవరించుకొనెను. ఆతడు సిగ్గుపడి అభ్యాసము మానుకొనెను.

రైలు తాండూరు చేరెను. ఇచట ఇండ్లు బండలు, గోడలు బండలు, గట్లు బండలు. మెత్తనిది దొరుకవలెనన్న మటన్ దుకాణమునకే పోవలెను. అందును కిష్టప్ప దుకాణమునకే పోవలెను. కిష్టప్ప తాత ముత్తాతలనుండి గొఱ్ఱెలు కాచిన ఇంటివాడు. కందిపొట్టు తిని పెరిగిన పొట్టేళ్ళనే కోయునని ప్రతీతి. బుగ్గమ్మ బ్రతికినంత కాలమును ఆ దుకాణము తప్ప మఱియొకటి ఒప్పుకొని యెఱుగదు.

పెత్రమాస నాడు కిష్టప్ప మనుషులను వరుసలో నిలుపడు. మనుషులు తోసుకొందురు, ఒకరినొకరు తిట్టుకొందురు. డబ్బాలకు ఆ గుణము లేదు. కావున దుకాణము ముంగిట పొడవైన బండపై ఎవరి డబ్బా వారు వరుసగా పెట్టవలెను. డబ్బాలు ముందుకు జరుగుచుండును; యజమానులు చాయ త్రాగుచుందురు. వంతు రాగానే కిష్టప్ప డబ్బాపైని పేరు చదివి కేకవేయును. సరిహద్దు దాటి వచ్చిన ఒక కన్నడిగుడు, తనది ముందు ఇమ్మని, "నమ్ది మొదలు కొడ్రి" అని వేడుకొనుచుండెను. డబ్బాల వరుస ఆతని మొఱ ఆలకింపలేదు.

బాల్‌రాజ్ తన డబ్బాను బండపై ప్రతిష్ఠించి, కిష్టప్ప చెవిలో తిల్లి సంగతి ఊదెను. అత్తమ్మ కొరకనియు, మొదటి పెత్రమాస యనియు చెప్పెను. కిష్టప్ప తలయూపెను. అంత వీరుడు చాయ దుకాణమున కూర్చుండి, కలుగబోవు విజయమును తలచుకొనుచు, సగము చాయ సాసరులో పోసికొని ఊదుకొనుచుండెను.

అప్పుడు ఆ కేక వినబడెను.

"బుగ్గమ్మ!"

వరుసలో సగము మంది ఆమెను ఎఱిగినవారే. దశదినకర్మకు పోయి భోజనము చేసినవారే. ఒక ముసలివాడు మెల్లగా, పెత్రమాస గదా, కూర ఎట్లున్నదో చూచుకొనుటకు తానే వచ్చినది కావచ్చునని సందేహము వెలిబుచ్చెను.

"ఆ!" అని ఇటు చాయ దుకాణమునుండి బాల్‌రాజ్ లేచెను.

"ఆ!" అని అటు పాన్ డబ్బా నీడనుండి ఇంకొకడు లేచెను.

ఆ రెండవవాడు యాదగిరి. బుగ్గమ్మ ఏకైకపుత్రుడు, మల్లీశ్వరి తమ్ముడు, బాల్‌రాజునకు బామ్మర్ది. తోక పట్టి పొట్టేలు వయస్సును, వేలితో నొక్కి దాని పూర్వచరిత్రను చెప్పగల మాంసశాస్త్రపారంగతుడు. బండపై బాల్‌రాజు డబ్బా వెనుకనే అటువంటిదే మఱియొక డబ్బా, అదే పేరుతో, అమాయకముగా మెఱయుచుండెను.

విషయము అప్పుడు బయటపడెను. ముందునాటి సాయంకాలమే యాదగిరి ఫోను చేసి అమ్మ కొరకు తిల్లి దాచుమనెను. తెల్లవారి బాల్‌రాజ్ వచ్చి అత్తమ్మ కొరకు తిల్లి దాచుమనెను. రెండు నోళ్ళును అడిగినది ఒక్క అవ్వకే గదా, ఇల్లు ఒక్కటే గదా యని కిష్టప్ప ఒక్క తిల్లి దాచి, తక్కినవన్నియు అడిగినవారికి పంచివేసెను. ఇప్పుడు కొక్కెమున ఉన్నది చివరి పొట్టేలు. దాని తిల్లియే అది.

"ఒక్క అవ్వకు ఎన్ని తిల్లీలు కావాలె పటేలా?" అని కిష్టప్ప వాపోయెను. "నేను పొట్టేలును కోస్త గాని, తిల్లిని పుట్టియ్యలేను గదా."

తిల్లి సంగతి తరువాత తేల్చుకొందము, ముందు కూర కొట్టుమని యాదగిరి ఆజ్ఞాపించెను. ఇద్దఱికిని ఒకే పొట్టేలు, ఒకే తొడ, సమానమైన పాళ్ళు. కిష్టప్ప చింతమొద్దు యెదుట ఆసీనుడై కత్తి ఎత్తెను.

ఆహా, ఆ క్షణము! బాల్‌రాజు కన్నులు యథాప్రకారము చాయ దుకాణము వైపునకు బయలుదేరెను. సగము దూరము పోయెను. అప్పుడాతడు భార్య మాటను తలచి, అత్త నవ్వును తలచి, పగ్గము తెంచుకొన్న కోడెలను లాగినట్లు కన్నులను వెనుకకు లాగి, కత్తిమీద, కత్తి కిందనున్న కండమీద, కండ పక్కన మెల్లమెల్లగా పాకివచ్చుచున్న మెడబొక్కమీద నిలిపెను. కత్తి పడెను, రెప్ప పడలేదు. నీరు కారెను, రెప్ప పడలేదు. ఈగ వచ్చి కనుబొమ్మపై వాలి, వీరుని స్థైర్యమునకు తానే విస్తుపోయి లేచిపోయెను.

కిష్టప్ప చేయి మెడబొక్కపై ఆగెను. "ఏం పటేలా, కండ్లు మంచిగున్నయా? రెప్ప కొడ్తలేవు."

"మంచిగనే ఉన్నయి," అనెను బాల్‌రాజ్. "గా బొక్క నీ దిక్కే ఉండనియ్యి."

మెడబొక్క వెనుకకు పోయెను. దానివెంట పొరలు పోయెను, నరములు పోయెను. యాదగిరి బావ వైపు తిరిగి, మొదటిసారి చూచినట్లు చూచెను. రెండు డబ్బాలలోను లేత తొడమాంసము, గులాబిరంగు మేనితో, తెల్లని కొవ్వు అంచులతో పడెను. కిష్టప్ప అలవాటు చొప్పున డబ్బా అడుగునుండి బొగ్గును మిరపకాయను పైకి తీసి మాంసముపై పెట్టెను. రెండు డబ్బాలలోను బొగ్గు ఉండెను. బుగ్గమ్మ కూతురికి నేర్పినదే కోడలికిని నేర్పియుండెను.

ఇక మిగిలినది తిల్లి. మొద్దుమీద ఒంటరిగా, నల్లగా, తనకొరకు రెండు వంశములు కత్తులు దూయుచున్నవని తెలియక, పడియుండెను. అఱచేతిలో ఇమిడిపోవు ముక్క.

కిష్టప్ప దానిని చెరిసగము చేసెదనని కత్తి ఎత్తగా ఇద్దఱును ఒక్కసారే వారించిరి. అత్తకు అర తిల్లి పెట్టుట అవమానమని ఒకరు, అమ్మ అర తిల్లికి మేడ ఎక్కదని ఇంకొకరు. అంత యాదగిరి నడుముపై చేతులుంచుకొని తన వాదమును వినిపించెను.

"బావా, కన్నది నన్ను. నా మెట్లు ఎక్కలేక నీ ఇంటికొచ్చింది గాని నా మీద ప్రేమ లేక కాదు. బతికున్నప్పుడు మోకాళ్ళు అడ్డమొచ్చినయి. ఇప్పుడేం అడ్డం? గాలి లెక్క ఎక్కొస్తది. ఒక్కసారన్న నా మేడ సూడనియ్యి."

డబ్బాల వరుస వెనుకనున్న జనము ఔనౌనని గొణిగెను. న్యాయమైన మాటయే. బాల్‌రాజ్ గొంతు సవరించుకొనెను. ఆతడు ఎన్నడును నలుగురిలో మాటాడి యెఱుగడు.

"యాదగిరీ, నీకు అమ్మ పోయింది. నాకు ఐతారం పోయింది. సంచి పట్టుకొని ఇంట్లకు పోతే అడిగేటోల్లు లేరు. మీ అక్క తిడ్తది, అది వేరే. అత్తమ్మ ఎక్కిరిస్తే, కూర ఎంత ముదురుదైనా ఆ పూట నమిలిన. గిప్పుడు ఎవ్వలేమనరు. ఒక్కపారి వచ్చి, గిది పొట్టేలా తాతనా అని అడిగిపోతే సాలు నాకు."

జనము మరల ఔనౌననెను. ఇదియు న్యాయమైన మాటయే. కన్నడిగునికి భాష సగమే తెలిసినను, తన వంతు సంగతి మఱచి ముక్కు తుడుచుకొనెను.

అప్పుడు కిష్టప్ప తన తాతలనాటి న్యాయస్థానమును తెఱచెను. ఊళ్ళలో నలుగురు కలిసి ఒక గొఱ్ఱెను కోసికొన్నప్పుడు మాంసమును పోగులు పెట్టి పంచుకొందురు. ఏ పోగు ఎవరికో తగవు రాకుండ ఒకరు వీపు త్రిప్పి నిలుచుందురు. ఇంకొకరు ఒక పోగుపై చేయి పెట్టి ఇది ఎవరికని అడుగుదురు. వీపు త్రిప్పినవారు ఏ పేరు చెప్పిన ఆ పేరుకు ఆ పోగు. దానిపై మాట లేదు. కిష్టప్ప తిల్లిని ఇద్దఱి ఎదుటనే ఒక డబ్బాలో వేసి, రెంటికిని మూతలు బిగించి, ఇద్దఱిని వెనుదిరుగుమని, డబ్బాలను అటునిటు జరిపెను. రెండును బుగ్గమ్మలే. ఏది ఏదో ఇక ఆతనికే తెలియును. పెద్దవాడు, బావ కావున, పేరు చెప్పు బాధ్యత బాల్‌రాజునకు అప్పగించెను.

విధివిలాసమును చూడుడు. కన్ను త్రిప్పరాదని తెల్లవారినుండి తపస్సు చేసిన వీరుడు, గెలుపు ఓటములు తేలు సమయమున, వీపు త్రిప్పి నిలుచుండి, చాయ దుకాణమునే చూడవలసివచ్చెను.

"ఇది ఎవలికి?" అని కిష్టప్ప అడిగెను.

తన పేరు చెప్పుకొనుటకే బాల్‌రాజ్ నోరు తెఱచెను. కాని ఆ నోటికి ఒక జీవితకాలపు అలవాటు కలదు. పెండ్లి బంతిలో మొదట పక్కవానికి వడ్డింపుమనినది ఆ నోరే. బస్సు మెట్టుపై మీరు ఎక్కుడనినది ఆ నోరే. అదే నోరు, యజమానిని సంప్రదింపకయే, "యాదగిరికి" అనెను.

మూత తీసిరి. తిల్లి అందులోనే ఉండెను.

జనము నిట్టూర్చెను. యాదగిరి జయఘోష చేయలేదు, మీసము త్రిప్పలేదు. కొంతసేపు డబ్బాను చూచి, బావ భుజముపై చేయి వేసి, బండికి వేళ అయినదనెను. తానే మోటారుసైకిలుపై స్టేషనునకు తీసికొనిపోయెను. టికెట్టు కిటికీ దగ్గఱ వరుసలో తానే నిలిచెను. ఓడినవానికి ఇంతకంటె పెద్ద మర్యాద ఏ సైన్యమును ఇచ్చియుండదు.

తిరుగురైలున బాల్‌రాజ్ తలుపు పక్కన కూర్చుండి డబ్బా మూత తెఱచెను. తిల్లి లేదని తెలిసియు చూచెను, మనసు అట్టిది. మాంసముపై సింహాసనమెక్కినట్లు బొగ్గుముక్క కూర్చుండియుండెను. దానిని చూచుచుండగా బుగ్గమ్మ ఒకనాడు అరుగుపై కూర్చుండి చెప్పిన పాఠము ఆతని చెవిలో మరల వినబడెను. కూర డబ్బాలో బొగ్గు ఎందుకని ఆతడు అడుగగా, బొగ్గు ఉన్న దిక్కునకు చచ్చినవారు రారని ఆమె చెప్పియుండెను.

చచ్చినవారు రారు!

బాల్‌రాజ్ నిటారుగా కూర్చుండెను. పెత్రమాస నాడు చచ్చినవారిని భోజనమునకు పిలుచుచు, వారిని తఱుముటకు బొగ్గును కావలిపెట్టిన మహాజాతి ఈ భూమిపై మఱియొకటి కలదా? పిలుచునది ఆమెనే. అడ్డగించునది ఆమెనే. రుక్మాపూరు స్టేషను దాటగానే ఆతడు బొగ్గుముక్కను తీసి, బలముకొద్ది, బ్రహ్మాస్త్రమును ఉపసంహరించువానివలె, తలుపులోనుండి పొలములలోనికి విసరెను. పిదప తన పక్కన కొంచెము జరిగి, ఒక మనిషి కూర్చుండునంత చోటు వదలెను. పక్కవాడు అది తనకేమోనని కూర్చుండబోగా, వద్దని బుజ్జగించెను.

ఇంట మల్లీశ్వరి డబ్బా తెఱచి చూచెను. తిల్లి లేకపోవుట చూచెను. మాంసమును వేలితో నొక్కి చూచి, మరల నొక్కి చూచెను. కాని ఆమె అడిగినది వేరొకటి.

"బొగ్గేది?"

"పారేసిన."

"ఎందుకు?"

"అత్తమ్మ బండెక్కాలె గదా."

ఆమె ఒక్క నిమిషము ఆతనిని చూచెను. తెల్లవారినుండి కూర్చి పెట్టుకొన్న తిట్లన్నియు ఆమె పెదవులవరకు వచ్చి, అచటినుండి వెనుదిరిగి పోవుట ఆతనికి కనబడెను. ఆమె పొయ్యి వెలిగించెను. ఆ దినపు దయలలో అది అన్నిటికంటె పెద్దది.

కూర ఉడికెను. మొదటి విస్తరిలో అన్నము, కూర, ఒక గారె, చల్లని నీళ్ళు. దానిని డాబాపైకి తీసికొనిపోయి గోడపై పెట్టిరి. దంపతులు నీళ్ళట్యాంకు నీడన నిలుచుండిరి. చుట్టుపక్కల డాబాలన్నిటిపైనను ఇట్లే విస్తరులు, ఇట్లే ఎదురుచూపులు.

ఒక కాకి వచ్చెను.

గోడపై వాలి, తల అటు వంచి ఇటు వంచి, విస్తరిని మంచి బేరగత్తెవలె పరిశీలించెను. ఒక ముక్కను ముక్కుతో పట్టి, పైకెత్తి, అటునిటు త్రిప్పి, విస్తరి అంచున పక్కన పెట్టెను. రెండవ ముక్కను ఎత్తెను. బాల్‌రాజ్ ఊపిరి బిగబట్టెను. దానినికూడ తీరికగా పక్కన పెట్టెను. పిదప బాల్‌రాజు వైపు తిరిగి, "కావ్" అని ఒక్క మాట అడిగెను. అంత మూడవ ముక్కను ఎత్తుకొని, గుటుక్కున మ్రింగెను.

మల్లీశ్వరి కొంగు నోటికి అడ్డము పెట్టుకొని నవ్వ నారంభించెను. తల్లి పోయిన తరువాత ఆమె అట్లు నవ్వుట అదియే మొదలు. "అమ్మనే," అనెను. "పక్కకు పెట్టుడు సూడుండ్రి. అమ్మనే."

ఆ క్షణమున ఫోను మ్రోగెను. అవతల యాదగిరి. గొంతున గర్వము లేదు, గాబరా ఉండెను.

"బావా, కాకి గోడ మీదికొస్తది, ఇస్తారి దిక్కు రాదు. ఎంత పిల్చినా రాదు. తిల్లి కాల్చి నడిమిట్ల పెట్టిన. మస్తు పరేషాన్ అయితున్న."

బాల్‌రాజు హృదయమున అప్పుడు ఒక చిన్న కురుక్షేత్రము జరిగెను. రహస్యము ఆతని చేతిలో ఉన్నది. నోరు మూసికొన్న చాలును, బుగ్గమ్మ ఆ ఏడాది అల్లుని అతిథిగానే చరిత్రకెక్కును. కాని మేడ మెట్లు, మోకాళ్ళు, ఒక్కసారన్న చూడనిమ్మని బామ్మర్ది అడిగిన తీరు ఆతనికి జ్ఞాపకము వచ్చెను.

"యాదగిరీ, డబ్బాల బొగ్గు ఏం చేసిన్రు?"

"ఇస్తారి పక్కకే ఉన్నది. మీ చెల్లె పెట్టింది. గాలీధూళీ సోకొద్దని."

"తీసి అవతల పారెయ్యి. మీ అమ్మకే అడ్డం పెట్టిన్రు."

ఫోను అట్లే ఉండెను. దూరమున మెట్లపై అడుగుల చప్పుడు, ఎవరో ఎవరినో తొందరపెట్టుట, ఏదియో గోడ దాటి పడుట వినబడెను. పిదప రెక్కల చప్పుడు.

"వచ్చింది బావా," అనెను యాదగిరి మెల్లగా. "తిల్లి ఒక్కటే ఎత్కపోయింది."

ఇద్దఱును ఫోను పెట్టివేసిరి.

భోజనమునకు కూర్చుండినప్పుడు బాల్‌రాజ్ ఒక ముక్క నోట వేసికొనెను. పన్ను తగులకముందే అది నాలుకపై విడిపోయెను. మఱియొకటి వేసికొనెను. అదియు అంతే. ఆతడు కంచములోనుండి తల ఎత్తెను.

"మెత్తగనే ఉన్నది గదా. మరి అత్తమ్మ రెండు ముక్కలు పక్కకెందుకు పెట్టింది?"

"ఎందుకేంది," అనెను మల్లీశ్వరి కూర వడ్డించుచు. "ఎక్కిరించనీకి."

బాల్‌రాజ్ తలవంచుకొని, చాలసేపు, చాల నెమ్మదిగా నమలెను.

ఓ ధారూరు వాసులారా, ఓ తాండూరు వాసులారా, బంట్వారము నవాబుపేట మొదలగు సకల మండలముల మాంసప్రియులారా, ఎఱుకపఱుపబడినది: ఆ పెత్రమాస నాడు, కత్తి ఎత్తినను రెప్ప వాల్పని బాల్‌రాజ్, తిల్లి లేని విస్తరితో, తిల్లి గల విస్తరిపై, ఒక్క ఫోను మాట్లాడునంత వ్యవధితో ముందుగా గెలిచెను. ఆ విజయమునకు గుర్తుగా ఈనాటికిని ఆతని డాబా గోడపై, కాకి ముక్కు తుడుచుకొని పోయిన కూరమరక యొకటి గలదు. మల్లీశ్వరి దానిని కడుగదు, ఎవరినీ కడుగనియ్యదు.